సుంకి ఘాట్‌లో మూడు నాబుల కారు ఏసీ: ముందు అద్దానికి ఎంత మేలు, ఎక్కడ తేలిపోతుంది

దక్షిణ ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో మన తెలుగువాళ్లు నడిపే కార్లలో ఎక్కువ వాటికి ఉండేది మూడు నాబుల ఏసీయే. ఒక నాబ్ ఫ్యాన్ వేగానికి, ఇంకొకటి నీలం నుంచి ఎరుపుకి తిప్పే వేడికి, మూడోది గాలి మొహానికా, కాళ్లకా, అద్దానికా అని చెప్పడానికి. పక్కనే ఏసీ బటను, లోపలిగాలి–బయటిగాలి మార్చే మీట. వ్యాగన్‌ఆర్ కానీ బొలెరో కానీ, తక్కువ ధరకి వచ్చే కింది రకాల్లో వరస ఇదే. మే నెలలో బరంపురంలో ఇది చల్లగా కొడుతోందో లేదో చెప్పడానికి సమీక్ష అక్కర్లేదు, చెయ్యి పెట్టి చూస్తే చాలు. దాని అసలు సత్తా తేలేది జులై, ఆగస్టుల్లో, ఆంధ్రా మైదానంలోని సాలూరు నుంచి సుంకి ఘాట్ రోడ్డు మీదుగా పొట్టంగి ఎక్కేటప్పుడు. ఇక్కడ మార్కులన్నీ ఆ ఒక్క పనికే: ముందు అద్దానికి ఆవిరి పట్టకుండా ఆపుతుందా, పట్టాక ఎంతసేపట్లో వదిలిస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తాం. యంత్రం మంచిదే. లోపాలు రెండు. నాబ్ మీద బొమ్మలు చూసి ఏది ఎప్పుడు తిప్పాలో ఎవరికీ అర్థం కాదు. పాడైనప్పుడు ఊళ్లో దొరికే సర్వీసేమో గ్యాస్ దగ్గర మొదలై గ్యాస్ దగ్గరే ఆగిపోతుంది. అద్దం మసకబారే కార్లలో చాలావాటికి గ్యాస్ సరిపడా ఉంటుంది. తప్పు ఇంకెక్కడో ఉంటుంది.

ముందు నీటి లెక్క చూడాలి. 25 డిగ్రీల గాలి ఒక ఘనపు మీటరుకి 23 గ్రాముల ఆవిరి మొయ్యగలదు. 20 డిగ్రీలకి ఆ మోత 17 గ్రాములకి, 5 డిగ్రీలకి 7 గ్రాములకి పడిపోతుంది. చిన్న కారు లోపల ఉండే గాలి సుమారు మూడు ఘనపు మీటర్లు. అంటే కారు మొత్తం మీద 70 గ్రాములకి మించి ఆవిరి పట్టదు. ఊరికే కూర్చున్న మనిషి ఊపిరి, చెమట కలిపి గంటకి 40–50 గ్రాముల నీరు వదులుతాడు. ఐదుగురు ఎక్కి, అద్దాలు మూసుకుని, ఏసీ ఆపి, లోపలిగాలినే తిప్పుకుంటూ పోతే పది నిమిషాల్లో ఆ గాలి నిండిపోతుంది. కాళ్ల దగ్గర తడి గొడుగులుంటే ఇంకా ముందే. ఇంతలో కారు ఎక్కుతూనే ఉంది. సాలూరు మైదానం, కోరాపుట్ 870 మీటర్ల ఎత్తు. ఈ మధ్యలో బయటిగాలి నాలుగైదు డిగ్రీలు దిగుతుంది, వాన చినుకులు కొట్టే అద్దం ఇంకాస్త చల్లబడుతుంది. నిండిన గాలి చల్లటి అద్దానికి తగిలితే మొయ్యలేనిది అక్కడే దించేస్తుంది. సాలూరు బస్టాండు దగ్గర శుభ్రంగా ఉన్న అద్దం సుంకి చేరకముందే తెల్లబడటానికి కారణం అంతే.

దీనికి ఏసీ చేసే వైద్యం డాష్‌బోర్డు వెనక ఉన్న నల్లటి ప్లాస్టిక్ పెట్టెలో జరుగుతుంది. గాలి దారి ఇలా ఉంటుంది. వైపర్ల కింద జాలీ నుంచి బయటిగాలి, లేదా కాళ్ల దగ్గర నుంచి లోపలిగాలి పెట్టెలోకి వస్తుంది. రెండిట్లో ఏది రావాలో మీట కింద ఉన్న ఫ్లాప్ చెబుతుంది. ఫిల్టరు, బ్లోయరు (గాలిని తోసే ఫ్యాన్) దాటి ఆ గాలంతా కూలింగ్ కాయిల్‌లోంచి పోవాల్సిందే, పక్కదారి లేదు. కాయిల్ లోపల ఆర్-134ఏ అనే ఏసీ గ్యాస్ ద్రవంగా వచ్చి మరుగుతూ వేడిని లాక్కుంటుంది. కాయిల్ సున్నా డిగ్రీలకి దిగితే రేకుల మీద మంచు గడ్డకట్టి గాలి దారి మూసుకుపోతుంది కాబట్టి, సున్నాకి ఒకటి రెండు డిగ్రీల పైనే ఒక సెన్సరు ఆ గ్యాస్‌ని తిప్పే కంప్రెసర్‌ని ఆపేస్తుంది. అంత చల్లటి రేకులకి తగిలిన గాలి తన నీటిని వాటి మీద వదిలేస్తుంది. ఆ నీరు కింద తొట్టెలోకి కారి, డ్రెయిన్ పైపులోంచి రోడ్డు మీద పడుతుంది. ఏసీ వేసిన కారు కింద కనబడే చుక్కలు ఇవే. రేడియేటర్ కారుతోందని బెంగపడి గ్యారేజీకి పరిగెత్తేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

కాయిల్ దాటాక వస్తుంది హీటర్ కోర్. ఇంజిన్లో కాగిన కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తిరిగే చిన్న రేడియేటర్ ఇది. వేడి నాబ్ తిప్పితే కాయిల్ నుంచి వచ్చిన గాలిలో కొంత భాగం దీని మీదుగా మళ్లుతుంది. ఈ వరసలోనే కిటుకంతా ఉంది: ముందు చల్లబరచి నీరు తీస్తుంది, తర్వాత వేడి చేసి దాహం పెంచుతుంది. తడిబట్టని పిండి ఆపైన ఎండలో వేసినట్టు. 22 డిగ్రీల వాన గాలి ఘనపు మీటరుకి 19 గ్రాముల నీటితో లోపలికొస్తే, కాయిల్ దాటేసరికి ఏడెనిమిది గ్రాములే మిగులుతాయి. దాన్ని ముప్ఫై డిగ్రీలకి వేడి చేసి అద్దం మీదకి కొడితే ఆ ఆవిరిని గటగటా తాగేస్తుంది. ఏసీ ఆపి ఉత్త వేడిగాలి కొట్టారనుకోండి, 19 గ్రాములూ అలాగే అద్దం మీదకి పోతాయి. ముందు తేరుకున్నట్టే ఉంటుంది, సీట్లో ఉన్న మనుషులు ఉడికిపోతారు, కాసేపటికి పక్క అద్దాలు కూడా తెల్లబడతాయి.

"ఏసీ వేసి మళ్లీ వేడి పెట్టడమేంటి, పెట్రోలు దండగ" అనే మాట జయపురం నుంచి గుణుపురం దాకా ప్రతి ట్యాక్సీ స్టాండులో వినబడుతుంది. వేడికి పైసా ఖర్చు లేదు. ఇంజిన్ ఎలాగూ పారేసే వేడే అది. ఖర్చల్లా కంప్రెసర్‌ది. ఒక లీటరు ఇంజిన్ కార్లకి ఘాట్‌లో ఆ భారం కాలికి తెలుస్తుంది, కాదనలేం. కాని దాన్ని మిగుల్చుకోవడానికి ఎదురుగా వచ్చే లారీ కనబడకుండా నడపడం ఏం లెక్క?

వానలో సెట్టింగు ఇలా పెట్టాలి. మొదట మీట బయటిగాలికి. తర్వాత ఏసీ బటను. గాలి నాబ్ అద్దం బొమ్మకి పూర్తిగా. వేడి నాబ్ సగం దాటించి కొంచెం ఎరుపులోకి. ఫ్యాన్ మూడు లేదా నాలుగు. చివర్లో ఉండే రెండు పక్క వెంట్లని తలుపు అద్దాల వైపు, సైడ్ మిర్రర్ కనబడే చోటికి తిప్పండి. అద్దం బొమ్మ పెట్టినా చాలా కార్లలో ఆ రెండు వెంట్లకీ గాలి వస్తూనే ఉంటుంది. ఒకటి రెండు నిమిషాల్లో ముందు అద్దం కింది నుంచి పైకి విలువంపుగా తేరుకోవడం మొదలవుతుంది. పూర్తిగా తేరుకున్నాక ఫ్యాన్ రెండుకి తగ్గించి, గాలి నాబ్ అద్దం–కాళ్ల బొమ్మకి మార్చవచ్చు. ఏసీ బటను మాత్రం ముట్టుకోకండి. ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే. అద్దం తేరుకుంది కదా అని ఏసీ ఆపి ఫ్యాన్ వదిలేస్తారు. కాయిల్ రేకులకి, తొట్టెకి ఇంకా నీరు అంటుకునే ఉంటుంది. చల్లదనం ఆగగానే ఆ నీరంతా మళ్లీ ఆవిరై నేరుగా అద్దం మీదకే పోతుంది. అర నిమిషంలో ముందుకన్నా దట్టంగా తెల్లబడుతుంది. "ఏసీ వేస్తే ఒకలా, ఆపితే ఇంకోలా, ఏదో రోగం ఉంది" అని మిస్త్రీ దగ్గరికి తెచ్చే కార్లలో చాలావాటికి రోగం ఉండదు, ఈ అలవాటే ఉంటుంది.

ఘాట్‌కే ప్రత్యేకమైన ఇంకో సంగతి. యాక్సిలరేటర్ అడుగంటా నొక్కితే ఇంజిన్ కంప్యూటర్ కొన్ని క్షణాల పాటు కంప్రెసర్‌ని తప్పిస్తుంది, బండికి పూర్తి బలం అందాలని. టాప్ గేర్‌లో ఈడ్చుకుంటూ పదేపదే నేలకి తొక్కే డ్రైవరుకి హెయిర్‌పిన్ మలుపు దగ్గరే అద్దం మసకబారడానికి ఇదొక కారణం. ఒక గేరు కిందికి వేసి సగం యాక్సిలరేటర్‌తో ఎక్కితే బండీ ఎక్కుతుంది, కంప్రెసరూ ఆగదు.

బయటిగాలి పెట్టినా ఫలితం లేకపోతే డిక్కీ చూడండి. లోపలికి వచ్చిన గాలికి బయటికి పోయే దారి కావాలి. ఆ దారి డిక్కీ పక్క ప్లాస్టిక్ వెనక, బంపర్ లోపల, రబ్బరు రెక్కలున్న చిన్న గూళ్ల రూపంలో ఉంటుంది. కుందులి సంతలో కొన్న అల్లం బస్తాలు, చింతపండు మూటలు డిక్కీ పక్కలకి కూరితే ఆ గూళ్లు మూసుకుపోతాయి. గాలి బయటికి పోదు, కాబట్టి లోపలికీ రాదు. పైగా పచ్చి అల్లం బస్తా తనే ఒక ఆవిరి కుండ. బస్తాని మధ్యలోకి జరపండి. అదీ కుదరకపోతే వెనక తలుపు అద్దం ఒక వేలు మందాన దించండి, తేడా వెంటనే కనబడుతుంది.

జనవరిలో సిమిలిగుడ, పొట్టంగి తెల్లవారుజాముల సంగతి వేరు. ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకి దిగుతుంది. బయటిగాలి అంత చల్లగా ఉంటే కూలింగ్ కాయిల్ సెన్సరు మాటిమాటికీ కంప్రెసర్‌ని ఆపేస్తుంది; ఏసీ బటను దీపం వెలుగుతూనే ఉంటుంది, పని మాత్రం జరగదు. అప్పుడు దాని అవసరమూ తక్కువే. 5 డిగ్రీల గాలి ఎంత పొగమంచులో ఉన్నా మోసేది 7 గ్రాములే. దాన్ని 25 డిగ్రీలకి వేడి చేస్తే దాని కడుపులో మూడింట రెండొంతులు ఖాళీ. బయటిగాలి, పూర్తి ఎరుపు, అద్దం బొమ్మ, అంతే. ఇంజిన్ కాగేదాకా ఐదారు నిమిషాలు, డీజిల్ అయితే ఇంకొంచెం ఎక్కువ ఓపిక పట్టాలి. ఇంజిన్ కాగకముందే ఫ్యాన్ నాలుగు పెట్టి లాభం లేదు. ఈ రుతువుకి మూడు నాబుల ఏసీకి పూర్తి మార్కులు ఇచ్చేయవచ్చు.

బరంపురం, గోపాలపూర్ వైపు వానాకాలం రాత్రుల్లో ఇదంతా తలకిందులు. అక్కడ అద్దం బయటివైపు మసకబారుతుంది. వేలితో లోపల గీత గీస్తే ఏమీ కాదు, వైపర్ ఒకసారి తిప్పితే పోతుంది. మళ్లీ వెంటనే వస్తుంది. ఏసీ గాలి అద్దాన్ని లోపల నుంచి చల్లబరుస్తోంది, సముద్రం మీది తడిగాలి బయట నుంచి దాని మీద నీరు దించుతోంది. ఫ్రిజ్ లోంచి తీసిన చెంబు చెమర్చినట్టే. దీనికి ఫ్యాన్ పెంచితే ఇంకా ముదురుతుంది. గాలి నాబ్‌ని అద్దం మీద నుంచి మొహానికి తిప్పి, వేడి నాబ్ రెండు గీతలు పెంచి, వైపర్ నడపండి. లోపలా బయటా అనేది తెలుసుకోకుండా నాబ్‌లు తిప్పడం గుడ్డివాడు సూదిలో దారం ఎక్కించడం లాంటిది.

ఇక చెడిపోయే భాగాల సంగతి. సమీక్షలో మార్కులు తెగేది ఇక్కడే.

మొదటి అనుమానం బయటిగాలి మీట. పాత బండ్లలో దీని తీగ జారిపోయి, మీట ఎటు జరిపినా ఫ్లాప్ లోపలిగాలి వైపే ఉండిపోతుంది. ఫ్యాన్ నాలుగులో పెట్టి మీట అటూ ఇటూ జరపండి. లోపలిగాలికి మారినప్పుడు గ్లవ్ బాక్సు కింద హోరు స్పష్టంగా పెరగాలి. శబ్దం మారకపోతే ఫ్లాప్ కదలడం లేదు. అలాగే గాలి నాబ్‌కి ఒక పరీక్ష: పాత పేపరు నుంచి రెండంగుళాల వెడల్పు ముక్క చించి ముందు అద్దం కింది చీలిక మీద పట్టుకోండి. అద్దం బొమ్మ పెట్టినప్పుడు ఆ చీలిక పొడవునా ముక్క నిటారుగా లేవాలి. ఒక పక్కే లేస్తే లోపల చెత్తో, పడిపోయిన పెన్నో, ఆర్‌సీ జెరాక్సో అడ్డంగా ఉంది. ఎక్కడా లేవకపోతే గాలి దిక్కు మార్చే మోడ్ ఫ్లాప్ తీగ ఊడింది. రెండూ అరగంట పని. కొత్త భాగాలు సాధారణంగా అక్కర్లేదు, తీగని మళ్లీ క్లిప్‌లో కూర్చోబెట్టడమే.

ఫిల్టరు గ్లవ్ బాక్సు వెనక ఉంటుంది. పది నుంచి పదిహేను వేల కిలోమీటర్లకి మార్చమని కంపెనీలు చెబుతాయి. దామన్‌జొడి వైపు ఎర్రదుమ్ములో తిరిగే బండికి దానికన్నా ముందే మార్చడం మంచిది. అంచు మీద ఉన్న బాణం గాలి పోయే దిక్కుకి ఉండాలి. కింది రకం కార్లు కొన్నింటికి ఫిల్టరు పెట్టే గాడి ఉంటుంది, ఫిల్టరు ఉండదు. అలాంటి బండికి దుమ్మంతా కాయిల్ రేకుల మీదే పేరుకుంటుంది. ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గడం ఒక్కటే కాదు. ఫ్యాన్ వేగాలు మార్చే రెసిస్టర్ ఆ గాలి దారిలోనే కూర్చుని ఉంటుంది, దాన్ని చల్లబరిచేదీ ఆ గాలే. గాలి తగ్గితే అది మాడుతుంది. ఒకటి, రెండు, మూడు పనిచెయ్యక నాలుగు ఒక్కటే పనిచేస్తోందంటే బ్లోయర్ మోటరు మార్చమన్నవాడి మాట వినకండి. పోయింది రెసిస్టర్. అది మార్చి, పనిలో పని ఫిల్టరూ మార్చండి, లేకపోతే కొత్తదీ మాడుతుంది.

డ్రెయిన్ పైపు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మన వైపు కార్లలో అద్దం రోగానికి ఇదే పెద్ద మూలం. ఎడమవైపు, ఇంజిన్‌కీ కేబిన్‌కీ మధ్య గోడ కింది భాగంలో వేలంత లావు రబ్బరు పైపు బయటికి వచ్చి ఉంటుంది. బురద గడ్డ, ఎండుటాకు ముక్క, కుమ్మరిపురుగు గూడు, ఏదైనా దాన్ని మూసెయ్యగలదు. మూసుకుంటే తొట్టె నిండి నీరు లోపలికి పొర్లి, ముందు ఎడమ సీటు కార్పెట్ కింద చేరుతుంది. పైన మ్యాటు పొడిగానే ఉంటుంది, అందుకే ఎవరికీ తెలియదు. మ్యాటు తీసి, కార్పెట్ అంచు ఎత్తి, కింద ఉన్న దూది పొరని పిడికిట్లో పట్టి పిండండి. నీళ్లు కారితే రోగం దొరికినట్టే. ఆ దూది ఒక్కటే లీటరు నీరు దాచుకోగలదు, అది ఆరేదాకా ఎన్ని గ్యాస్‌లు పట్టించినా ప్రతి పొద్దున అద్దాలన్నీ తెల్లగానే ఉంటాయి. పైపుని మెత్తటి ప్లాస్టిక్ తీగతో కింది నుంచి శుభ్రం చెయ్యాలి. ఇనప చువ్వ పెడితే కాయిల్‌కి చిల్లు పడుతుంది, టైర్లకి కొట్టే గాలి పూర్తి ఒత్తిడితో పెడితే పైపు లోపల ఊడిపోతుంది. వానాకాలంలో ఏసీ వేసిన ఐదు పది నిమిషాలకి కారు కింద చుక్కలు మొదలవ్వాలి. మొదలవ్వలేదంటే వంగి చూడండి.

వైపర్ల కింద జాలీకి కూడా రెండు పక్కలా నీరు పోయే కన్నాలుంటాయి. నీలగిరి చెట్టు, సిల్వర్ ఓక్ కింద రోజూ కారు నిలిపేవాళ్లు నెలకోసారి ఆ ఆకులు ఏరెయ్యాలి. అక్కడ నీరు నిలిస్తే బ్లోయరు పీల్చేది తడిగాలే.

ఇంకొకటి ఏసీది కాని రోగం. ఆవిరి జిడ్డుగా ఉండి గుడ్డతో తుడిస్తే మరకలు మరకలుగా సాగితే, లోపల తియ్యటి వాసన వస్తుంటే, బానెట్ కింద కూలెంట్ మట్టం నెమ్మదిగా దిగుతుంటే హీటర్ కోర్ కారుతోంది. అద్దం మీద పడుతున్నది నీరు కాదు, కూలెంట్ ఆవిరి. ఘాట్ ఎక్కే బండిని అలా నడపకూడదు. దగ్గర్లో బాగుచేసే చోటు లేకపోతే హీటర్‌కి పోయే రెండు గొట్టాలని ఇంజిన్ దగ్గరే కలిపి హీటర్‌ని తప్పించవచ్చు. అప్పుడు అద్దానికి ఏసీ ఒక్కటే దిక్కు.

ఇప్పుడు మన పట్టణాల్లో వానాకాలం ముందు అమ్మే "ఏసీ సర్వీసు" దగ్గరికి వద్దాం. చాలా చోట్ల జరిగేది ఇది: రెండు గేజులు (తక్కువ ఒత్తిడి వైపుకి నీలం, ఎక్కువ ఒత్తిడి వైపుకి ఎరుపు) తగిలిస్తారు, నీలం గేజు చూసి "గ్యాస్ తక్కువుంది" అంటారు, కొంత నింపుతారు, డబ్బు తీసుకుంటారు. ఈ పద్ధతికి మార్కులు ఇవ్వలేం. ఎందుకో చూడండి. ఇంజిన్ ఆపి ఉండగా గేజు చూపేది గ్యాస్ ఎంతుందో కాదు, వాతావరణం ఎంత వేడిగా ఉందో. 25 డిగ్రీల దగ్గర ఆర్-134ఏ ఒత్తిడి 80 పీఎస్ఐ దాటి ఉంటుంది, 30 డిగ్రీల దగ్గర 97. లోపల వంద గ్రాములున్నా, నాలుగొందలున్నా, ఒక చుక్క ద్రవం మిగిలినంతవరకు అంతే చూపుతుంది. నడుస్తున్నప్పటి అంకెలూ ఊరిని బట్టి మారతాయి. పార్వతీపురం ఎండలో 35 డిగ్రీలప్పుడు ఎర్ర గేజు 200 దాటి చూపించే ఏసీ, కోరాపుట్ వానలో 20 డిగ్రీలకి 150కి కూడా రాకపోవచ్చు. మైదానం అంకెలు బట్టీపట్టిన మిస్త్రీ దాన్ని చూసి ఇంకా నింపుతాడు. అప్పటికి అంతా బాగానే ఉంటుంది. మే నెలలో అదే కారు విశాఖపట్నం దిగితే ఒత్తిడి హద్దు దాటి, హై ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా వేడిగాలి. మళ్లీ గ్యారేజీ.

సరైన పద్ధతి బానెట్ కింద అంటించిన చీటీ మీదే ఉంటుంది: గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు. చిన్న కార్లకి మామూలుగా 350 నుంచి 500 గ్రాముల మధ్య. ఉన్న గ్యాసంతా మెషీన్‌లోకి లాగి తూచాలి, పంపుతో అరగంట వాక్యూమ్ చేసి లోపలి తడిని పోగొట్టాలి, పంపు ఆపి పది పదిహేను నిమిషాలు ముల్లు కదలకుండా నిలుస్తుందా చూడాలి, ఆ తర్వాత కాటా మీద చీటీలో రాసినన్ని గ్రాములే పంపాలి. జయపురం, రాయగడల్లో ఇలా కాటా వేసే షెడ్లు ఉన్నాయి. డబ్బు ఎక్కువ తీసుకుంటారు, అయినా వాళ్ల దగ్గరికే పోవాలి. ఒక చిన్న మాట: కోరాపుట్ ఎత్తులో వాక్యూమ్ గేజు 27 అంగుళాల (పాదరసం లెక్కలో) దగ్గరే ఆగుతుంది. సముద్రమట్టంలో చూపే 29.9 ఇక్కడ రాదు, ఇక్కడ గాలి బరువే తక్కువ. "పంపు పాడైంది", "లీకుంది" అని భయపడక్కర్లేదు. చూడాల్సింది ముల్లు వెనక్కి జరుగుతోందా లేదా అనేదే. ఇక తక్కువ ధరకి ఎల్‌పీజీయో, ఫ్రిజ్‌లకి వాడే ఆర్-600ఏ గ్యాసో నింపుతామనేవాడి షెడ్డు నుంచి బండి వెంటనే బయటికి తీసేయండి. కూలింగ్ కాయిల్ ఉన్నది కేబిన్‌లోనే. అది కారితే మండే గ్యాస్ మీ ఒళ్లో ఉన్నట్టే.

కాయిల్‌కి నురగ కొట్టి కడిగే సర్వీసు తడిగుడ్డ కంపు పోవడానికి పనికొస్తుంది. అద్దానికి దానివల్ల ఒరిగేది కొంచెమే.

ఆన్‌లైన్లో దొరికే సామాన్లలో ఒకటి అసలు కొనకూడనిది: సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే చిన్న హీటర్ ఫ్యాను. దాని బలం 150 వాట్లు, దానికే 12 ఆంపియర్లకి పైగా లాగుతుంది. సాకెట్ ఫ్యూజు పోవడమో, ప్లాస్టిక్ కరగడమో జరుగుతుంది. కారులో ఉన్న హీటర్ కోర్ కిలోవాట్లలో వేడి ఇస్తుంది. ఏనుగు పక్కన ఎలక. యాంటీ ఫాగ్ స్ప్రే ఫర్వాలేదు: అది ఆవిరిని ఆపదు, చిన్న చిన్న బొట్లుగా నిలవనివ్వకుండా పలచటి పొరగా పరుస్తుంది, అందువల్ల చూపు ఆనుతుంది. నాలుగైదు రోజులు ఉంటుంది. గడ్డం గీసుకునే నురగ పలచగా రాసి తుడిచినా అదే పని. లారీ డ్రైవర్లు బయట అద్దానికి రుద్దే పొగాకు కిటుకు కూడా ఇలాంటిదే. ఏది రాసినా ముందు అద్దం లోపలివైపు శుభ్రంగా ఉండాలి. డాష్‌బోర్డుకి పెట్టే మెరుగు పాలిష్ ఎండకి ఆవిరై అద్దానికి జిడ్డుగా పడుతుంది, ఆ జిడ్డు మీద ఆవిరి ఇంకా తొందరగా పడుతుంది. ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ, రెండూ వేరువేరుగా వాడండి. డాష్‌బోర్డు పైభాగానికి పాలిష్ మానెయ్యండి. సిలికా జెల్ సంచీలు రాత్రంతా నిలిపి ఉంచిన కారుకి సాయం చేస్తాయి. కిలో సంచీ పీల్చేది మహా అయితే మూడొందల గ్రాములు, నలుగురు ప్రయాణం చేస్తే అది రెండు గంటల ఊపిరి.

పై రకంలో వచ్చే ఆటోమేటిక్ ఏసీకి అదనంగా డబ్బు పెట్టాలా అంటే, ఘాట్ రోజూ ఎక్కేవాళ్లు పెట్టవచ్చు. డిజిటల్ అంకెల కోసం కాదు, ముందు అద్దం బొమ్మ ఉన్న బటన్ కోసం. అది నొక్కితే చాలా కార్లలో బయటిగాలి, కంప్రెసరు, గాలి దిక్కు, ఫ్యాను అన్నీ ఒకేసారి సర్దుకుంటాయి. మలుపులో కళ్లు రోడ్డు మీద నుంచి తియ్యక్కర్లేదు. మూడు నాబులతో అదే ఫలితం వస్తుంది, కాకపోతే ఐదు పనులు చేతితో చెయ్యాలి. వారానికోసారి వెళ్లేవాళ్లకి ఆ డబ్బు వెనక అద్దం ఆవిరి వదిలించే డీఫాగర్ ఉన్న రకానికి పెట్టడం మేలు.

వెనక అద్దానికి వేడిగాలి రాదు, దాని మీద ఉన్న సన్నటి గోధుమరంగు గీతలే దిక్కు. బటన్ నొక్కితే ఆ గీతల్లో కరెంటు పారి అద్దం వేడెక్కుతుంది, పది పదిహేను నిమిషాలకి చాలా కార్లలో దానంతట అదే ఆగుతుంది. ఒక గీత దగ్గర మాత్రం అడ్డంగా తెల్లటి పట్టీ మిగిలిపోతుంటే ఆ గీత ఎక్కడో తెగింది. మల్టీమీటర్‌తో గీత పొడవునా తాకిస్తూ పోతే 12 వోల్టులు మెల్లగా తగ్గాలి, ఒక్కసారిగా సున్నాకి పడిన చోటే తెగినచోటు. వెండి కలిసిన కండక్టివ్ పెయింటు ఒక చుక్క వేస్తే అతుక్కుంటుంది. తుడిచేటప్పుడు గుడ్డ గీతల వెంబడే పోవాలి, అడ్డంగా కాదు. పాత సన్ ఫిల్మ్ పీకాల్సి వస్తే బ్లేడు పెట్టకండి, తడిపి, ఆవిరి పట్టి, మూల నుంచి నెమ్మదిగా లాగించండి. లేకపోతే ఫిల్మ్‌తో పాటు గీతలూ ఊడొస్తాయి.